సెన్సస్ పేజీలో దొరికే మనిషి: ఇంగ్లండ్ కూలి కుటుంబం జాడ తీయడం ఎలా

కాజీపేట, బిట్రగుంట, గుంతకల్లు, సికింద్రాబాద్ లాలాగూడ. ఈ రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్లకు ఆంగ్లో ఇండియన్ ఇరుగుపొరుగు కొత్త కాదు. "మా ముత్తాత ఇంగ్లండ్ నుంచి ఇంజన్ డ్రైవరుగా వచ్చాడు" అనే మాట ఆ ఇళ్లలో తరచూ వినబడేది. ఏ ఊరి నుంచి, ఎవరి కొడుకు అని అడిగితే మాత్రం జవాబు ఉండేది కాదు. ఒక పేరు, బైబిల్ అట్ట లోపల రాసిన ఒక తేదీ, అంతే. అలాంటి ఒక స్నేహితుడి కోసం వెతకబోయి నేను ఈ పాత జనాభా లెక్కల్లో పడ్డాను. తేలడానికి చాలా కాలం పట్టింది. నేను తిన్న ఎదురుదెబ్బలు మీకు తగలకుండా రాస్తున్నదిది.

జమీందారీ వంశాల చరిత్ర తీయడం తేలిక. ఆస్తులు, వీలునామాలు, కోర్టు తగాదాలు, గోడమీద పటాలు ఉంటాయి. కూలివాడికి ఆస్తి లేదు, కాబట్టి దస్తావేజు లేదు. చదువు లేదు, కాబట్టి ఉత్తరాలు లేవు. పెళ్లి రిజిస్టరులో సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టి వెళ్లిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. కానీ పదేళ్లకోసారి సర్కారు మనిషి వాళ్ల గుమ్మం దగ్గరికి కూడా వెళ్లి, ఈ రాత్రి ఇంట్లో ఎవరెవరు పడుకున్నారని అడిగి రాసుకున్నాడు. మనకు దొరికేది ఆ కాగితమే.

ముందు ఇంట్లో

కంప్యూటరు తెరిచే ముందు ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చోండి. పేరు ఒక్కటే చాలదు. పేరు, సుమారు వయసు, ఏదో ఒక ఊరు, భార్యదో తోబుట్టువుదో ఇంకొక పేరు, ఈ నాలుగూ కావాలి. జాన్, విలియం, మేరీ, ఎలిజబెత్ లాంటి పేర్లు మన వెంకటేశ్వర్లు, లక్ష్మి లాగే వీధికి పదిమంది ఉంటారు. మనిషిని పట్టిచ్చేది అతని పక్కనున్న పేర్లే. తమ్ముడికి కాస్త అరుదైన పేరు ఉంటే అదృష్టం మీదే. ముందు ఆ తమ్ముణ్ణి వెతకండి.

ఏ ఏడాది పుస్తకంలో ఏముంటుంది

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1801 నుంచి పదేళ్లకోసారి లెక్కలు తీశారు. 1831 దాకా తీసినవి చాలామటుకు తలల లెక్కలే, పేర్లు అరుదు. దేశమంతటా పేర్లతో సహా మనకు మిగిలిన మొదటి లెక్క 1841 జూన్ 6 నాటిది. దానిమీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. పెన్సిల్‌తో రాశారు, చాలా పేజీలు వెలిసిపోయాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కింది అయిదుకు దించి రాయమన్నారు, అంటే 34 ఏళ్లవాడు 30గా కనబడతాడు. ఇంటింటికీ తిరిగి లెక్క రాసుకున్న ఎన్యూమరేటర్లందరూ ఆ మాట వినలేదు, అది వేరే సంగతి. పుట్టిన ఊరి దగ్గర "ఇదే కౌంటీయా, కాదా" (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), కాకపోతే స్కాట్లాండా, ఐర్లండా, పరాయి దేశమా అన్న ప్రశ్నలే, ఊరి పేరు ఉండదు.

అసలు పంట 1851 మార్చి 30 నుంచి మొదలవుతుంది. ఇంటి యజమానితో బంధుత్వం, పెళ్లయిందా లేదా, వయసు, వృత్తి, పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి), కౌంటీ అన్నీ ఉంటాయి. ఆ తర్వాతవి 1861 ఏప్రిల్ 7, 1871 ఏప్రిల్ 2, 1881 ఏప్రిల్ 3, 1891 ఏప్రిల్ 5, 1901 మార్చి 31. అన్నీ ఆదివారం రాత్రులే. ఈ తేదీలు గోడమీద రాసి పెట్టుకోండి. ఏప్రిల్ 1న పుట్టినవాడికి, ఏప్రిల్ 10న పుట్టినవాడికి లెక్కలో ఏడాది తేడా వస్తుంది. 1891లో ఇంకో ప్రశ్న చేరింది: ఇంట్లో అయిదు గదులకంటే తక్కువుంటే ఎన్ని? రెండు గదుల్లో తొమ్మిదిమంది అని చదివినప్పుడు ఆ కుటుంబం బతుకు ఇంకెవరూ వర్ణించక్కర్లేదు.

1911 ఏప్రిల్ 2 నాటి లెక్క నాకు అన్నిటికంటే ఇష్టం. అంతకుముందు ఇంటివాళ్లు నింపిన ఫారాలను ఎన్యూమరేటర్ పుస్తకంలోకి ఎక్కించి, ఫారాలు పారేశారు. 1911వి మాత్రం ఉంచారు. అంటే మీరు చూస్తున్నది మీ ముత్తాత స్వదస్తూరీ కావచ్చు. పెళ్లయి ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని కూడా అడిగారు. ఇది భర్త ఉన్న స్త్రీలను ఉద్దేశించి అడిగిన ప్రశ్న. వితంతువులు కూడా నింపేస్తే గుమాస్తాలు గీత కొట్టేశారు. గీత కింద అంకెలు చదవడానికి వస్తాయి, చదవండి.

1921 లెక్క ఏప్రిల్‌లో జరగాల్సింది, బొగ్గు గనుల సమ్మె గొడవల వల్ల జూన్ 19కి వాయిదా పడింది. అందులో యజమాని పేరు, పనిచేసే చోటు కూడా ఉంటాయి. కూలి కుటుంబాల మీద పనిచేసేవాళ్లకు ఆ గడి నిధి. ఏ మిల్లు, ఏ గని అని ఒక్కసారి తెలిస్తే ఆ కంపెనీ రికార్డుల దాకా దారి పడుతుంది.

వెనక్కి నడవండి

తెలిసిన దగ్గరి ఏడాది నుంచి పదేసి ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఆశకొద్దీ 1841లోకి దూకితే అదే పేరున్న ఇంకొకడి వంశం మీ చేతిలో పడుతుంది. నాకు పడింది. మూడు నెలలు ఒక పరాయి వడ్రంగి తాతల్ని వెతికి, చివరికి నాకు కావలసిన వడ్రంగి వేరే పారిష్‌వాడని తేలింది.

పేర్ల సూచికలు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితం. ముఖ్యంగా 1881ది వాలంటీర్లు చేతితో ఎక్కించినది, బాగుంటుంది. ఫ్రీసెన్ కూడా ఉచితమే కానీ అన్ని కౌంటీలూ లేవు. అసలు పేజీల బొమ్మలు చూడాలంటే ఎక్కువగా యాన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్ లాంటి చోట్ల చందా కట్టాలి. ముందు ఉచిత సూచికల్లో మనిషిని ఖాయం చేసుకుని, చూడాల్సిన పేజీల జాబితా రాసుకుని, అప్పుడు ఒక్క నెల చందా కట్టి అన్నీ ఒకేసారి దించుకోండి. ఇంగ్లండ్‌లో మన పిల్లలుంటే వాళ్ల ఊరి గ్రంథాలయంలో అడగమనండి, చాలాచోట్ల లోపల కూర్చుని ఊరికే చూడనిస్తారు.

పేరు కొట్టగానే దొరకకపోతే స్పెల్లింగ్ మీద అనుమానపడండి. చదువురాని మనిషి తన పేరు పలికాడు, ఎన్యూమరేటర్ విన్నట్టు రాశాడు, నూట ముప్ఫై ఏళ్ల తర్వాత ఇంకెవరో ఆ దస్తూరీ చూసి ఇంకోలా చదివారు. కూలి జనం మాటలో హకారం పోతుంది, "హేస్" కాస్తా "ఏస్" అవుతుంది. పేరులో అనుమానమున్న అక్షరం బదులు నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. అదీ కాకపోతే ఇంటిపేరు వదిలేసి, మొదటి పేరు, వయసు, పుట్టిన పారిష్ ఇవ్వండి. ఈ చివరి పద్ధతి నాకు ఇచ్చినన్ని ఫలితాలు ఏదీ ఇవ్వలేదు.

సూచిక కాదు, పేజీ చదవండి

చాలామంది సూచికలో పేరు దొరకగానే కాపీ చేసుకుని వెళ్లిపోతారు. గింజ వదిలి పొట్టు తీసుకెళ్లడమంటే అదే. పేజీ ఎలా చదవాలో చూపడానికి ఒక ఇల్లు నేనే కల్పిస్తాను. అలాంటి ఇళ్లు నిజం పుస్తకాల్లో కోకొల్లలు.

1881, లాంకషైర్‌లోని బర్న్‌లీ. ఇంటి యజమాని 41, బొగ్గు గని కూలి, పుట్టింది సఫోక్. భార్య 40, సఫోక్‌లోనే పక్క పారిష్. కూతురు 17, నూలు మిల్లులో నేత, పుట్టింది సఫోక్. కొడుకు 13, మిల్లు పనే, పుట్టింది బర్న్‌లీ. ఇంకో కొడుకు 8, "స్కాలర్" (అంటే బడికి వెళ్లే పిల్లవాడు), బర్న్‌లీ. చివర్లో ఒక బోర్డరు, 22, గని కూలి, సఫోక్.

ఇప్పుడు నిదానంగా చూడండి. పిల్లలు పుట్టిన ఊళ్లే ఆ కుటుంబం నడిచిన దారి. కూతురు పుట్టిన 1863-64కీ, కొడుకు పుట్టిన 1867-68కీ మధ్య వాళ్లు ఊరు విడిచారు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక లాంకషైర్ మిల్లులు పస్తులున్న కాలం 1861 నుంచి 1865. అది తీరి మిల్లులు మళ్లీ మనుషుల్ని పిలిచిన రోజుల్లో సఫోక్ పొలం కూలీ ఒకడు సంసారం ఎత్తుకుని వెళ్లాడన్న ఊహ ఇక్కడ సరిపోతుంది. పెద్దవాడికీ చిన్నవాడికీ మధ్య అయిదేళ్ల ఎడం ఉంది. ఆ కాలంలో రెండేళ్లకో కాన్పు మామూలు. మధ్యలో ఒకరో ఇద్దరో పుట్టి పోయి ఉండొచ్చు. 1869లో పుట్టి 1870లో పోయిన బిడ్డ ఏ సెన్సస్‌కూ చిక్కదు. ఇక ఆ బోర్డరు. ఇంటిపేరు వేరు కదా అని వదిలేయకండి. అదే సఫోక్ నుంచి వచ్చిన కుర్రాడు ఇదే ఇంట్లో ఎందుకు తింటున్నాడు? ఇతను భార్య మేనల్లుడో తమ్ముడో అయితే, ఆవిడ పుట్టింటి పేరు మీ చేతికి వచ్చినట్టే. బోర్డరంటే ఆ ఇంటి బల్ల దగ్గరే తినేవాడు, లాడ్జరంటే గది అద్దెకు తీసుకుని తన తిండి తాను చూసుకునేవాడు.

అక్కడితో ఆగకుండా ముందు రెండు పేజీలు, వెనక రెండు పేజీలు తిప్పండి. వలస వెళ్లినవాళ్లు ఊరివాళ్ల పక్కనే ఇళ్లు చూసుకుంటారు. మనవాళ్లు బొంబాయి మిల్లులకు వెళ్లినప్పుడూ అంతే కదా.

పేజీ మీద ఇంకొన్ని గుర్తులు ఉంటాయి. పొడుగు గీతలు లండన్ గుమాస్తాలు లెక్కపెట్టుకుంటూ కొట్టినవి, వాటివల్లే చాలా వయసులు చెరిగిపోయాయి. ఎడమ అంచున ఉన్న అంకెను ఇంటి నంబరనుకుని పాత మ్యాపుల్లో వెతక్కండి, అది షెడ్యూలు నంబరు, అంటే ఇంటింటికీ ఇచ్చిన ఫారం వరుస సంఖ్య. "ఏజీ ల్యాబ్" అంటే వ్యవసాయ కూలీ, 1841లో "ఎఫ్ ఎస్" అంటే పనిమనిషి. గనుల దగ్గర "హ్యూవర్" బొగ్గు తవ్వేవాడు. మిల్లులో "పీసర్" తెగిన నూలు పోగులు అతికే పిల్లవాడు. ఇనుప ఫ్యాక్టరీలో "పడ్లర్" కొలిమిలో కరిగిన ఇనుము కలియబెట్టేవాడు. "చార్‌వుమన్" అంటే రోజుకూలికి ఇళ్లలో పాచిపని చేసే ఆవిడ. భార్య పేరు ఎదుట వృత్తి గడి ఖాళీగా ఉంటే ఆమె పని చేయలేదని కాదు, ఎన్యూమరేటర్ రాయలేదని. బట్టలు ఉతికి, ఇంట్లో కుట్టుపని చేసి సంసారం ఈదినవాళ్లెందరో ఆ ఖాళీలో మాయమయ్యారు.

కాగితం చెప్పే అబద్ధాలు

వయసును నమ్మకండి. పదేళ్లకు ఏడేళ్లే పెరిగిన ఆడవాళ్లు, పద్నాలుగేళ్లు పెరిగిన ముసలివాళ్లు దొరుకుతారు. రెండుమూడేళ్ల తేడా అసలు తేడాయే కాదు. పుట్టిన ఊరు కొంచెం నయం, అయినా దూరం వెళ్లేకొద్దీ చిన్న పల్లె పేరు పోయి దగ్గరి పట్నం పేరు వస్తుంది. హైదరాబాద్‌లో ఎవరైనా అడిగితే మనం పల్లె పేరు చెప్పకుండా జిల్లా పేరు చెప్పమా?

"సన్ ఇన్ లా" అని ఉంటే అల్లుడనుకోకండి. ఎనిమిదేళ్ల అల్లుడు ఉండడు కదా, ఆ కాలంలో సవతి కొడుకునూ అలాగే అనేవారు. యాభై ఏళ్ల తల్లికి రెండేళ్ల బిడ్డ, అదే ఇంట్లో ఇరవై ఏళ్ల పెళ్లికాని కూతురు కనబడితే, ఆ బిడ్డ ఎవరిదో ఒకసారి ఆలోచించండి. భార్య పోయినవాడి ఇంట్లో మరదలు "హౌస్‌కీపర్"గా ఉంటే, ఆ తర్వాత పిల్లలు పుడుతూనే ఉంటే, కారణం చట్టంలో ఉంది. చనిపోయిన భార్య చెల్లెల్ని పెళ్లాడటం ఇంగ్లండ్‌లో 1907 దాకా చెల్లేది కాదు. మనకు వింతగానే ఉంటుంది. విడాకులు 1857 దాకా పార్లమెంటు చట్టంతోనే, ఆ తర్వాతా కూలివాడు భరించలేని ఖర్చు. అందుకే "వితంతువు" అని రాసుకున్న ఆవిడ భర్త పక్క ఊళ్లో నిక్షేపంగా బతికుండటం కద్దు.

అసలు దొరకనప్పుడు

1851లో మాంచెస్టర్, సాల్‌ఫర్డ్, ఓల్డమ్ ప్రాంతాల పుస్తకాలు కొన్ని నీటిలో తడిసి పాడయ్యాయి. అక్కడి స్థానిక సంఘం వాళ్లు కష్టపడి చాలావరకు చదివి ఎక్కించారు. మీ మనిషి అక్కడివాడైతే మామూలు సూచికలో లేడని వదిలేయొద్దు. పదమూడు, పద్నాలుగేళ్ల అమ్మాయి ఇంట్లో లేకపోతే ఎవరో ఒకరింట్లో పనిమనిషిగా ఉంటుంది. ముసలివాళ్లు కొడుకుల దగ్గర లేకపోతే వర్క్‌హౌస్ చూడండి. నిరుపేదల్ని ఉంచుకుని, తిండిపెట్టి పని చేయించుకున్న ఆ ఆశ్రమాలకు వేరే పుస్తకాలు ఉండేవి. పిచ్చాసుపత్రుల్లో అయితే కొన్నిసార్లు పేరు బదులు పొడి అక్షరాలే రాశారు.

పదేళ్ల ఎడంలో ఎంత బతుకు జారిపోతుందో చెప్పడానికి మనందరికీ తెలిసిన మనిషి చార్లీ చాప్లిన్. అతని జనన నమోదు ఈనాటికీ దొరకలేదు, బ్రిటిష్ గూఢచారి విభాగం వాళ్లు వెతికినా దొరకలేదు. 1891 లెక్కలో పసివాడు తల్లితో, అన్న సిడ్నీతో దక్షిణ లండన్‌లోని వాల్‌వర్త్, బార్లో వీధిలో ఉన్నాడు. 1901 లెక్కలో లాంబెత్‌లో, నాట్యబృందం పిల్లలతో కలిసి మ్యూజిక్ హాల్ కళాకారుడిగా ఉన్నాడు. సెన్సస్ మాత్రమే చూస్తే పసిబిడ్డ, తర్వాత కళాకారుడు. కానీ ఆ రెండు రాత్రుల మధ్య 1896లో ఆ పిల్లలు వర్క్‌హౌస్‌కు, అక్కణ్ణుంచి హాన్‌వెల్‌లోని అనాథ, నిరుపేద పిల్లల బడికి వెళ్లారు. 1898లో తల్లిని పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1901 మే నెలలో, లెక్క తీసిన దాదాపు ఆరు వారాలకు, తండ్రి పోయాడు. ఇదంతా వర్క్‌హౌస్ చేరికల రిజిస్టర్లలో, బడి, ఆసుపత్రి రికార్డుల్లో ఉంది. లండన్‌వైతే లండన్ ఆర్కైవ్స్‌లో (పాత పేరు లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్) దొరుకుతాయి, వేరే ఊళ్లవి ఆయా కౌంటీ రికార్డు ఆఫీసుల్లో.

సర్టిఫికెట్‌తో ముడి వేయండి

సెన్సస్ పేజీలు రెండు దొరికితే అవి ఒకే మనిషివని నిరూపణ కాదు. ముడి వేసేవి జనన, వివాహ, మరణ నమోదులు. ఇవి 1837 జూలై 1న మొదలయ్యాయి. పెళ్లి సర్టిఫికెట్‌లో ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ ఉంటాయి కాబట్టి ఒక్కటే తెప్పించుకోగలిగితే అదే తెప్పించుకోండి. జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైటులో జననాల సూచిక ఉచితం, 1837 నుంచే తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంది. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, రిజిస్ట్రేషన్ జిల్లా ఇచ్చి వెతికితే ఇందాకటి ఇంట్లో అయిదేళ్ల ఎడంలో పుట్టిపోయిన పిల్లలు బయటపడతారు. పుట్టింటి పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే, తల్లికి అప్పటికి పెళ్లి కాలేదని అర్థం చేసుకోవచ్చు. 1837కు ముందువాళ్లకు చర్చి రిజిస్టర్లే గతి. 1813 నుంచి జ్ఞానస్నానం ఎంట్రీలో తండ్రి వృత్తి, ఉండే చోటు రాయడం మొదలైంది.

మనవైపు వచ్చినవాళ్లు

ఇండియాలో ఉన్న సిపాయి, రైల్వే మనిషి ఇంగ్లండ్ లెక్కల్లో ఉండడు. విదేశాల్లోని సైనిక దళాలను 1911లో కలిపారు, అంతకుముందువాళ్ల కోసం ఇంగ్లండ్‌లో మిగిలిన తల్లిదండ్రుల్ని పట్టుకోవాలి. అందుకు తీగ మన దగ్గరే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన పెళ్లిళ్లు, జ్ఞానస్నానాలు, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్2 వరుసగా ఉన్నాయి, చాలావరకు ఫైండ్‌మైపాస్ట్‌లో చూడొచ్చు. పెళ్లి ఎంట్రీలో తండ్రి పేరు దొరికితే ఆ తండ్రీకొడుకుల జంటను 1871, 1881 లెక్కల్లో వెతకండి. రైల్వేవాడైతే ముందు క్రూ, స్విండన్ లాంటి వర్క్‌షాపు పట్నాలు చూడండి. నా స్నేహితుడి ముత్తాత ఇలాగే తేలాడు. ఇంజన్ డ్రైవరు కాదు, ఇంగ్లండ్‌లో ఇంజన్లు తుడిచే కుర్రాడు. మావాడు ముందు కాస్త నొచ్చుకున్నాడు, తర్వాత ఆ పేజీనే ఫ్రేము కట్టించాడు.

దొరికిన ప్రతి పేజీకీ చిరునామా, అంటే ఆర్కైవ్స్‌లో దాని నంబరు, రాసి పెట్టుకోవడం మరవొద్దు. 1841, 1851లకు హెచ్‌ఓ 107. 1861 నుంచి 1921 దాకా వరుసగా ఆర్‌జి 9, 10, 11, 12, 13, 14, 15. 1901 దాకా దాని తర్వాత పీస్ (కట్ట) నంబరు, ఫోలియో (కాగితం) నంబరు, పేజీ రాయాలి. 1911 నుంచి పీస్‌తో పాటు షెడ్యూలు నంబరు. ఫోలియో అంకె కాగితానికి ఒక పక్కనే, కుడి పై మూలన ముద్రవేసి ఉంటుంది. లేదనిపిస్తే ఒక పేజీ వెనక్కి తిప్పండి.

1921 తర్వాత ఏమిటని అందరూ అడుగుతారు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 పుస్తకాలు 1942 డిసెంబరులో గోదాములో కాలిపోయాయి. 1941లో యుద్ధం, లెక్కే తీయలేదు. ఆ ఖాళీలో 1939 సెప్టెంబరు 29న రేషను, గుర్తింపు కార్డుల కోసం తీసిన రిజిస్టరు ఒక్కటే ఆధారం. అందులో వయసు బదులు పుట్టినతేదీ ఉంటుంది. తర్వాత ఆరోగ్య శాఖ అదే పుస్తకం వాడుకుంది కాబట్టి పెళ్లయిన ఆడవాళ్ల కొత్త ఇంటిపేర్లు పైన రాసి ఉంటాయి. ఇంకా బతికి ఉండొచ్చనుకున్నవాళ్ల వరుసలు నల్లగా మూసేశారు. ఆ తర్వాతది 1951 లెక్క. నూరేళ్ల నిబంధన మారకపోతే అది తెరుచుకునేది 2052లో.